కంకరదారిలో కిష్కింధ

యాత్ర వేరు, విహారం వేరు అని మన పెద్దలు చెబుతారు. తీర్థయాత్రను గురించి ధర్మశాస్త్రకారులు ఒక సూక్ష్మమైన నియమం కూడా చేశారు. కాలినడకన వెళ్ళినవానికి యాత్రాఫలం పూర్ణంగా దక్కుతుందట. వాహనం ఎక్కినవానికి అందులో సగం తరిగిపోతుందట. ఎద్దో గుర్రమో పడిన శ్రమకు ఫలం మనకు ఎందుకు రావాలన్నదే దీని ఆంతర్యమని నాకు తోస్తుంది. మరి సైకిలు మాటేమిటి? అది వాహనమే, సందేహం లేదు. కానీ దానికి కట్టిన ఎద్దూ, దానిమీద కూర్చున్న యజమానీ ఒక్కడే. శాస్త్రకారులు ఈ వాహనాన్ని చూడలేదు గనుక నిర్ణయం చెప్పలేదు. గత మార్గశిరమాసంలో హంపీ, ఆనెగొంది ప్రాంతపు కొండల మధ్య మట్టిదారులలో రెండు రోజులపాటు సైకిలుపై తిరిగినప్పుడు ఈ ప్రశ్న నాతోనే ఉన్నది. దానికంటే బరువైన ప్రశ్న మరొకటి కూడా వెంట వచ్చింది. ఆస్తిక మహాశయులతో ఆ రెండింటినీ పంచుకోవాలని ఈ వ్యాసం.

నేను రాయలసీమలో కర్ణాటక సరిహద్దుకు సమీపంలోని ఒక గ్రామంలో శివాలయార్చకుణ్ణి. వయస్సు 56. బాల్యంలో గురుకులవాసం చేసి కృష్ణయజుర్వేదం అధ్యయనం చేశాను. 31 ఏళ్ళుగా మా స్వామి సన్నిధిలోనే ఉన్నాను. సైకిలు నాకు కొత్త కాదు. చుట్టుపక్కల గ్రామాలలో వ్రతాలకూ గృహప్రవేశాలకూ చాలాకాలం పాత అట్లాస్ సైకిలు మీదనే వెళ్ళేవాణ్ణి. తరువాత మోటారు వాహనాలు వచ్చాయి, మోకాళ్ళకు బద్ధకమూ వచ్చింది.

మా మేనల్లుడు బెంగళూరులో ఉద్యోగి. సెలవు దినాలలో కొండదారుల వెంట సైకిలు తొక్కడం వానికి అలవాటు. వాడు తొక్కేదానిని గ్రావెల్ సైకిలంటారు. హ్యాండిలు పందెపు సైకిలు వలె కిందికి వంగి ఉంటుంది. టైర్లు మాత్రం వెడల్పుగా, గరుకుగా ఉంటాయి. తారురోడ్డు మీదా, కంకర మీదా, మొరం మీదా నడవడానికి అనువైన నిర్మాణం అది. "మామయ్యా, ఆనెగొంది చుట్టూ దారులు చాలా బాగుంటాయి. మీకు కిష్కింధ అంటే ఇష్టం గదా, ఒకసారి నాతో రండి" అని ఆరు నెలలుగా అడుగుతున్నాడు. సీటు తోలుది కాదు గదా అని నేను ముందుగా విచారించాను. కాదన్నాడు. నాకంటే పెద్దవారైన పొరుగూరి అర్చకస్వామి విని, "ఏమయ్యా, గోచీ బిగించి పందేలకు పోతున్నావా?" అని నవ్వారు. గోచీ బిగించిన మాట నిజమే. పంచె అంచు గొలుసులో పడకుండా పిక్కకు దారంతో కట్టుకున్నాను. నిత్యపూజ తమ్మునికి అప్పగించి బయలుదేరాను.

ఇక ఆ బరువైన ప్రశ్న. మా ఆలయం పాత రాతికట్టడం. గర్భగృహం కప్పుబండ బీటవారి, వానాకాలంలో నీరు కారుతున్నది. గ్రామపెద్దలు జీర్ణోద్ధారణ తలపెట్టారు. కప్పు విప్పాలంటే ముందు బాలాలయం ఏర్పరచాలి. మూలమూర్తిలోని కళలను మంత్రపూర్వకంగా కుంభంలోనికి ఆకర్షించి, బాలాలయంలోని బింబంలో చేర్చాలి. దీనినే కళాకర్షణం అంటారు. తంత్రం నడిపించే ఆచార్యులు వేరుగా వస్తారు. కానీ ఆ కుంభాన్ని శిరస్సున ధరించి గర్భగృహం నుండి వెలుపలికి రావలసినవాణ్ణి నేను. ఆ క్షణం మొదలు పునఃప్రతిష్ఠ జరిగేదాకా, 31 ఏళ్ళు నా చేతులతో అభిషేకించిన ఆ లింగం శాస్త్రదృష్టిలో శిల. ముహూర్తానికి నా సమ్మతి అడిగారు. నిధులు చాలక బాలాలయంలోనే ఏళ్ళతరబడి ఉండిపోయిన స్వాములను నేను చూశాను. మళ్ళీ ఆ కళలను స్వస్థానంలో చేర్చే రోజు వస్తుందా అన్న శంకతో, సమ్మతి చెప్పక ఒక సంవత్సరం గడిచింది. ఈ శంకతోనే తుంగభద్ర ఒడ్డుకు చేరాను.

మొదటి రోజు ఉత్తరతీరంలోని ఆనెగొంది నుండి బయలుదేరాము. కన్నడంలో ఆనె అంటే ఏనుగు. పంచదశీకర్త విద్యారణ్యస్వామివారి ఆశీస్సులతో హరిహర బుక్కరాయలు 1336లో విజయనగర రాజ్యాన్ని స్థాపించారని సంప్రదాయం చెబుతుంది. అంతకు పూర్వమే ఆనెగొంది దుర్గం ఉన్నది. నదికి ఆవలి ఒడ్డున మహానగరం వెలిసిన తరువాత ఇది పాతపట్టణంగా మిగిలింది. ఊరు దాటగానే ఒకవైపు వరిమళ్ళు, అరటితోటలు. మరొకవైపు గుండ్లు పేర్చినట్టుండే కొండలు. వాటి నడుమ ఎర్రని మొరం దారి.

అక్కడ మేనల్లుడు నాకు గురువయ్యాడు. వాడు చెప్పిన సూత్రాలు నాలుగు. హ్యాండిలును బిగించి పట్టరాదు. మోచేతులు కొంచెం వంచి వదులుగా ఉంచాలి. ఎదుటి రాయిని చూడరాదు, వెళ్ళదలచిన దారిని చూడాలి. జారుతున్నట్టు అనిపిస్తే ముందు బ్రేకు గట్టిగా నొక్కరాదు. టైర్లలో గాలి కూడా కొంత తగ్గించాడు. "నిండా గాలి ఉంటే చక్రం ప్రతి రాయిమీదా ఎగురుతుంది మామయ్యా. కాస్త మెత్తగా ఉంటే రాయిని కలుపుకొని పోతుంది" అన్నాడు.

కఠోపనిషత్తులో యమధర్మరాజు నచికేతునికి చెప్పిన రథకల్పన మనకందరికీ తెలిసినదే. ఆత్మ రథికుడు, శరీరం రథం, బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు, విషయాలు అవి నడిచే దారులు. ఎన్నోసార్లు ఈ భాగాన్ని పిల్లలకు చెప్పాను. చెప్పినప్పుడల్లా నా దృష్టి గుర్రాలను నిగ్రహించడం మీదనే ఉండేది, దారి మీద ఉండేది కాదు. కంకర మీద సైకిలు తొక్కేవానికి దారి ముఖ్యమవుతుంది. నేల కాలికింద నిలకడగా ఉండదు. పగ్గం వదిలితే బండి తోచినవైపు పోతుంది. పగ్గం బిగిస్తే నేల కదలిక అంతా భుజాలకు ఎక్కుతుంది, చక్రం పక్కకు జారుతుంది. పట్టు ఉండాలి, బిగువు ఉండరాదు. మనోనిగ్రహానికి గీతాచార్యుడు అభ్యాసాన్నీ వైరాగ్యాన్నీ ఒకేచోట కలిపి చెప్పాడు. ఆ రెండూ ఒకదాని వెనుక ఒకటి వచ్చే మెట్లని అనుకునేవాళ్ళున్నారు. రెండు అరచేతులలో ఒకే క్షణంలో రెండూ ఉండవలసినవని ఆ మొరం దారి మీద నా శరీరానికి తెలిసింది. మొదటి గంటలో అరచేతులు మండాయి. పంపాసరోవరం చేరేసరికి మంట తగ్గింది.

పంపాసరోవరం చిన్న కొలను. కొండల ఒడిలో, లక్ష్మీదేవి ఆలయం పక్కన ఉన్నది. మతంగాశ్రమం, శబరి నిరీక్షణ ఇక్కడివేనని స్థానిక విశ్వాసం. శబరి వృత్తాంతంలో నాకు అన్నింటికంటే ఆశ్చర్యం కలిగించే అంశం ఒకటున్నది. గురువులు దేహం చాలించారు, ఆశ్రమం నిర్మానుష్యమయింది. అయినా ఆమె అక్కడే ఉండి, రానున్న అతిథికోసం వన్యఫలాలను సిద్ధం చేస్తూ వచ్చింది. అక్కడ కాసేపు కూర్చుని జపం చేసుకున్నాను.

ఆ సమీపంలోనే అంజనాద్రి. హనుమంతుని జన్మస్థలమని ఇక్కడివారు కొలిచే కొండ. మన తిరుమలలోని అంజనాద్రికి కూడా అదే ప్రసిద్ధి ఉన్నదని పాఠకులకు తెలుసు. భక్తునికి రెండుచోట్లా నమస్కరించడానికి అభ్యంతరం ఉండదు. సైకిళ్ళు కింద నిలిపి, 570కి పైగా ఉన్న మెట్లు ఎక్కాము. పైనుండి చూస్తే నది, దాని ఇరువైపులా లెక్కకు అందని బండరాళ్ళు. వానరసేన విసిరి ఆడుకున్నట్లుంటుందని అందరూ అంటారు. భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పే మాట కూడా తక్కువ అద్భుతం కాదు. ఈ గ్రానైటు శిల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమిలోపల గట్టిపడిన శిల, పైనున్న పొరలు కొట్టుకుపోగా బయటపడింది. పగుళ్ళలోకి నీరు దిగి, ఎండకూ వానకూ ఉల్లిపొరల వలె పై పొరలు ఊడి, ఈ గుండ్లు ఏర్పడ్డాయి. గుండు చివికి మొరమవుతుంది, మొరం నలిగి ఇసుకవుతుంది. అంటే ప్రొద్దుటి నుండి నా చక్రాల కింద కరకరలాడినది కొండే. మేము కొండల మధ్య తిరుగుతున్నామని అనుకున్నాము. నిజానికి కొండల మీదనే, వాటి అంత్యరూపం మీద, నడుస్తూ ఉన్నాము.

మధ్యాహ్నం సాణాపురం చెరువు వైపు, కాలువగట్ల వెంట, మళ్ళీ మట్టిదారులే. 1953లో పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట వలన ఈ తీరమంతా సస్యశ్యామలమయింది. ఒక వాలుదారి దిగేటప్పుడు మేనల్లుడు వెనుకనుండి, "రాయిని చూడకండి మామయ్యా, దారిని చూడండి!" అని కేక వేశాడు. భయపడినదానినే చూస్తే చక్రం దానివైపే పోతుందట. ఆ మాట మరునాడు మరొక అర్థంలో ఉపయోగపడింది.

రెండవ రోజు ప్రాతఃకాలానుష్ఠానం ముగించి, మోటారు పడవలో సైకిళ్ళు ఎక్కించుకొని దక్షిణతీరానికి చేరాము. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, ఇక్కడ జనులు గంపల వంటి గుండ్రని పడవలలో నది దాటేవారని వ్రాశాడు. గుర్రాలనూ ఎద్దులనూ కూడా ఆ పుట్టిలలో దాటించేవారట. నేడు నా వాహనమూ అలాగే దాటింది. నదిలో కొంత ఎగువన ఆనాటి రాతివంతెన స్తంభాలు ఇంకా నిలిచి ఉన్నాయి. పైన వంతెన లేదు. కింద నీరు ఆగలేదు.

తళారిఘట్ట ద్వారం దాటి విఠలాలయం సమీపంలో సైకిళ్ళు వదిలి నడిచాము. రాతిరథం వద్ద జనసమూహం. సప్తస్వరాలు పలుకుతాయన్న స్తంభాల వద్ద మరికొందరు. నేను గర్భగృహం వైపు వెళ్ళాను. అక్కడ మూర్తి లేదు.

పాఠకులారా, అర్చకునికి శూన్యగర్భగృహం ఎదుట నిలబడడం ఎటువంటిదో చెప్పడం కష్టం. చేయి గంటకోసం కదిలింది. గంట లేదు, ఉన్నా మోగించరాదు. అది పురావస్తు సంరక్షణలో ఉన్న కట్టడం. ఆగమదృష్టితో చూసినా, ప్రతిష్ఠ లేనిచోట పూజ లేదు. పర్యాటకుడి వలె చూసి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధం ముగిసి, సైన్యాలు నగరం మీదికి వచ్చిన ఆ దినాలలో ఇక్కడి అర్చకులు ఏమి చేసి ఉంటారు? కళాకర్షణానికి వారికి వ్యవధి దొరికిందా? కుంభం ఎవరి శిరస్సున ఏ దారిన వెళ్ళిందో, వెళ్ళలేదో? నాకు ఒక సంవత్సరంగా ఉన్న శంక వారికి ఒక్క రాత్రిలో ఎదురై ఉంటుంది.

గర్భగృహం చుట్టూ లోపలి ప్రదక్షిణమార్గం ఇరుకుగా, మసకగా ఉన్నది. దానిని నిషేధించేవారెవరూ లేరు. ఒక్క ప్రదక్షిణం చేశాను. ఏ మంత్రమూ పలకలేదు. మనం నిత్యం చేసే వ్రతాలలో కలశంలోకి దేవతను ఆవాహన చేస్తాము. పూజానంతరం ఉద్వాసన చెప్పి, మళ్ళీ రావలసిందిగా ప్రార్థిస్తాము. ఉద్వాసన తరువాత ఆ కలశోదకం ఇంటిల్లిపాదికీ ప్రోక్షణ అవుతుంది, మిగిలినది మొక్కల పాదులో పోస్తాము. దేవత వెళ్ళిపోయిందని ఎవరూ దుఃఖించరు. స్థిరప్రతిష్ఠకు ఇది వర్తించదని నాకు తెలుసు. అయినా ఆవాహన తెలిసినవానికి ఉద్వాసన కూడా తెలిసి ఉండాలన్న మాట ఆ చీకటిలో నాకు స్పష్టమయింది. వ్యాపకుడైనవాడు ఒక శిలలో మనకోసం ఒదిగి ఉండడం అనుగ్రహం. ఆ శిలను వదలలేకపోవడం మాత్రం నాది, ఆయనది కాదు.

కమలాపురం మీదుగా హంపీ వైపు తిరిగాము. ఉదయగిరి దుర్గ విజయానంతరం శ్రీకృష్ణదేవరాయలు అక్కడినుండి తెచ్చిన బాలకృష్ణమూర్తికి కట్టించిన ఆలయం ఇక్కడ ఉన్నది. ఉదయగిరి నేటి నెల్లూరు జిల్లాలోనిది గనుక తెలుగువారికి ఆ స్వామి మరింత ఆత్మీయుడు. మూర్తి ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్నది. ఉదయగిరి నుండి విజయనగరానికి, అక్కడినుండి చెన్నైకి ఆయన కూడా యాత్రికుడే అయ్యాడు. మరికొంత దూరంలో 1528 నాటి ఉగ్రనరసింహమూర్తి. 6 మీటర్లకు మించిన ఏకశిల. ఒడిలోని లక్ష్మీదేవి లేదు, స్వామివారి బాహువులు విరిగి ఉన్నాయి. విరిగిన బాహువుల మీదనే చూపు నిలిచిపోతుంది. అప్పుడు మేనల్లుని కేక జ్ఞాపకం వచ్చింది. చూపు పక్కకు తిప్పాను.

పక్కనే బడవలింగం ఉన్నది. సుమారు 3 మీటర్ల ఏకశిలాలింగం. గర్భగృహంలో ఎప్పుడూ నీరు నిలిచి ఉంటుంది. కాలువ నీరు లోపలికి వచ్చి పోతూ ఉంటుంది. పైకప్పులో భాగం లేదు, ఆకాశం కనబడుతుంది. ఇక్కడ ఒక వృద్ధ అర్చకులు, నడుము వంగిన వయస్సులో కూడా, నీటిలో దిగి, పానవట్టం మీదికి ఎక్కి, దశాబ్దాలపాటు స్వామిని సేవించారు. కొన్నేళ్ళ క్రితం వారు కైలాసవాసులయ్యారు. శతాబ్దాలు మధ్యలో పూజ ఆగినా నీరు ఆగలేదు. ఆగిన పూజను మళ్ళీ ఒక మనిషి వచ్చి అందుకున్నాడు. కప్పు తిరిగి కడతారో లేదో అని ఆయన ఎదురుచూడలేదు. మా ఆలయపు పగిలిన కప్పుబండ, దానినుండి లింగం మీదికి కారే వాననీరు నా కళ్ళముందు కదిలాయి.

సాయంకాలం మాల్యవంతగిరి ఎక్కాము. ఎక్కుదారిలో చివరి మలుపు దగ్గర ఊపిరి అందక దిగి సైకిలు నడిపించుకుంటూ పోయాను. కాలినడక కూడా కొంత కలిసింది గనుక ఫలం సగానికంటే పెరిగి ఉంటుందని మేనల్లునితో అన్నాను. వర్షర్తువు నాలుగు నెలలు సీతావియోగంతో శ్రీరాముడు నిరీక్షించిన కొండ ఇదేనని స్థలసంప్రదాయం. శ్రీమద్రామాయణంలో ఆ మాసాలు కథకు విరామంలా కనబడతాయి. సేన లేదు, వార్త లేదు, వానలో దారులు మూసుకుపోయాయి. శ్రీరాముడు శోకిస్తాడు, లక్ష్మణుడు ఓదారుస్తాడు, ఇద్దరూ ఎదురుచూస్తారు. ఆ కాలం గడవనిదే సుందరకాండ లేదు. ఇక్కడి రఘునాథాలయంలో పూజ నేటికీ జరుగుతున్నది. లోపల రామాయణ పారాయణం సాగుతూ ఉన్నది. చేతులకు అంటిన మొరం ధూళి కడుక్కొని, స్తంభం పక్కన కూర్చుని చీకటిపడే దాకా విన్నాను.

బాలాలయమంటే స్వామికి మాల్యవంతవాసమే గదా అని అక్కడ అనిపించింది. అది ఎన్ని నెలలో, ఎన్ని ఏళ్ళో నిశ్చయించడం నా అధికారంలో లేదు. ఉన్నన్నాళ్ళూ అక్కడ దీపం ఆరకుండా, నైవేద్యం తప్పకుండా చూడడం నా అధికారంలో ఉన్నది.

ఇంటికి వచ్చిన మూడవనాడు గ్రామపెద్దలను కలిసి నా సమ్మతి తెలిపాను. మూడు ప్రార్థనలు మాత్రం చేశాను. పాత స్తంభాలనూ ద్వారబంధాన్నీ పారవేయక, సంఖ్యలు వేసి భద్రపరచి, తిరిగి వాడాలి. విప్పకముందే పునర్నిర్మాణానికి కావలసిన నిధులలో అధికభాగం సమకూడి ఉండాలి. బాలాలయం నిర్మాణస్థలానికి దూరంగా కాక, మూలస్థానం కనబడేచోట ఉండాలి. మొదటి రెండింటికీ వెంటనే అంగీకరించారు. మూడవదానికి స్థలం చాలదని ఇంజనీరుగారు అంటున్నారు, చర్చ సాగుతున్నది. రానున్న మాఘమాసంలో ముహూర్తం నిశ్చయమయింది. ఆ రోజు కుంభం శిరస్సున పెట్టుకున్నప్పుడు నా చేతులు వణకవని చెప్పలేను. పట్టు మాత్రం ఎలా ఉండాలో వాటికి కొంత అభ్యాసమయింది.

ఈ దారులకు వెళ్ళదలచిన ఆస్తికులకు నాలుగు మాటలు. శీతకాలంలో వెళ్ళండి, ఎండాకాలంలో ఆ బండలు పెనం వలె కాలుతాయి. సూర్యోదయానికి ముందే బయలుదేరి, తగినంత నీరు వెంట ఉంచుకోండి. ఆలయప్రాంగణాలలోకి సైకిళ్ళు తీసుకుపోకండి. పొలంగట్ల మీద రైతులకు దారి విడవండి. గ్రావెల్ సైకిలే కావాలని లేదు. ఆనెగొందిలో మేము చూసిన పాలవాడు పాత సైకిలు మీదనే మాకంటే ముందుగా కొండ దాటాడు. వయస్సు మీరినవారు వైద్యుని అడిగి వెళ్ళండి. శూన్యమైన గర్భగృహం ఎదురైతే, ఒక ప్రదక్షిణం చేసి రండి.

శుభం భూయాత్.